సీమ క్రైస్తవ దాంపత్యంలో స్నేహం పాలెంత?

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప చర్చిల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా వాక్యభాగం ఏదో ముందే చెప్పేయవచ్చు. పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక, 5వ అధ్యాయం, 22వ వచనం మొదలు. భార్య భర్తకు లోబడాలి, భర్త భార్యను ప్రేమించాలి, సంఘానికి క్రీస్తు శిరస్సయినట్టు ఇంటికి మగవాడు శిరస్సు. దానికి ముందున్న 21వ వచనం విశ్వాసులంతా ఒకరికొకరు లోబడాలంటుంది. దాన్నుంచి మొదలుపెట్టే పాస్టరుగారు అరుదు. ఇస్సాకు రిబ్కాల్లా వర్ధిల్లమని దీవించి ప్రసంగం ముగిస్తారు. భార్యాభర్తలు ఒకరికొకరు స్నేహితులు కూడా కావాలన్న మాట ఆ అరగంటలో వినబడదు.

క్రైస్తవ చింతనలో ఆ మాట లేక కాదు. పదహారు వందల ఏళ్ళుగా ఉంది. అది సీమకు చేరిందా, చేరితే ఎవరి ఇళ్ళలో నిలిచింది, ఎక్కడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. నేను గట్టిగా నమ్మేదేమిటో ముందే చెబుతాను. ఇక్కడ ఆలుమగల మధ్య స్నేహం ప్రసంగాల వల్ల రాలేదు. ఇద్దరూ కలిసి ఒక పనికి పూనుకున్నచోట వచ్చింది. అలాంటి పని లేనిచోట, కట్నం లెక్కతో మొదలైన సంసారాల్లో, కుటుంబ ప్రార్థన ఒక్కటే ఆ బరువు మోయలేకపోయింది.

మొదట మూలాల సంగతి. ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను 401 ప్రాంతంలో వివాహంలోని మేలు గురించి ఒక చిన్న గ్రంథం రాశాడు. సంతానం, నమ్మకం, విడిపోని బంధం అని అందులో ఆయన చెప్పిన మూడు మేళ్ళను చర్చి వెయ్యేళ్ళపాటు వల్లించింది. అయితే ఆ గ్రంథం మొదలయ్యేది స్నేహంతో. మనిషి తోడు కోరే జీవి గనుక మానవ సమాజంలో మొదటి ముడి భార్యాభర్తలదేనని, స్త్రీ పక్కటెముక నుంచి వచ్చింది గనుక ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ ఒకే వైపు చూసేవాళ్ళని ఆయన ఊహ. ఇంత చక్కగా మొదలుపెట్టినవాడే ఆదికాండం మీద రాసిన వ్యాఖ్యానంలో, కబుర్లకు తోడే కావాలంటే ఆదాముకు దేవుడు మరో మగవాణ్ణి ఇచ్చి ఉండేవాడని, స్త్రీ వచ్చింది సంతానం కోసమేనని వాదించాడు. ఈ రెండు మాటల మధ్య పెనుగులాట ఆ తర్వాతి చరిత్ర అంతటా కనిపిస్తుంది.

12వ శతాబ్దంలో ఇంగ్లండులోని రివో మఠాధిపతి ఏల్రెడ్ ఆధ్యాత్మిక స్నేహం మీద ఒక సంభాషణ గ్రంథం రాశాడు. స్త్రీని పురుషుడి పక్క నుంచి తీయడంలోనే స్నేహానికి కావలసిన సమానత్వం ఉందన్నాడు. కానీ ఆ పుస్తకం సన్యాసుల కోసం రాసింది. స్నేహాన్ని గురించిన క్రైస్తవుల మేలిమి ఆలోచన మఠంలో పెరిగింది, ఇంట్లో కాదు. దాన్ని ఇంట్లోకి తెచ్చే ప్రయత్నం 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ చేశాడు. భార్యాభర్తల మధ్య ఉన్నది అన్నిటికంటే గొప్ప స్నేహం, అందుకే ఆ బంధం విడిపోకూడదు అన్నాడు. అంతకంటే పదునైన వాదన ఇంకొకటి చేశాడు. స్నేహానికి సమానత్వం కావాలి. ఒక మగవాడికి అనేకమంది భార్యలుంటే వాళ్ళ స్థితి దాసీల స్థితిలా అవుతుంది, అక్కడ స్నేహం ఉండదు. బహుభార్యత్వాన్ని కాదనడానికి చేసిన ఈ వాదనను ఒక్క భార్య ఉన్న ఇంటికి కూడా వర్తింపజేయవచ్చని ఆయనకు తోచలేదో ఏమో. మనకు తోచాలి.

1549లో ఇంగ్లండు చర్చి తన ప్రార్థనా పుస్తకంలో పెళ్ళికి మూడు కారణాలు చెప్పింది. పిల్లలు, పాపం నుంచి రక్షణ, మూడోది కలిమిలోనూ కష్టంలోనూ ఒకరికొకరు తోడుగా ఉండడం. దీన్ని విలాయతు సంగతిగా తీసిపారేయలేం. 19వ శతాబ్దం నడుమ ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాలకు వచ్చిన ఎస్‌పీజీ (సువార్త ప్రచార సంఘం) మిషనరీలు ఇంగ్లండు చర్చికి చెందిన ఆంగ్లికన్లు. అంటే కుందూ గట్టున మాల పల్లెల్లో జరిగిన పెళ్ళిళ్ళకు ఆధారం ఆ క్రమమే. అదే క్రమంలో వధువు మాత్రం విధేయురాలినై ఉంటానని అదనంగా ప్రమాణం చేయాలి. ఒకే పుస్తకం తోడునూ చెప్పింది, లోబడడాన్నీ చెప్పింది. పల్లె దేన్ని పట్టుకుందో వేరే చెప్పాలా?

కతోలికుల దారి వేరు, మలుపు ఆలస్యం. 1917 నాటి చర్చి చట్టం ప్రకారం పెళ్ళి ముఖ్యోద్దేశం సంతానం, పరస్పర సహాయం రెండో వరుస. రెండో వాటికన్ మహాసభ 1965లో దాంపత్యాన్ని ప్రేమతో కూడిన సహజీవనంగా వర్ణించింది. 1968లో ఆరో పాల్ పోపు సంతాన నిరోధాన్ని నిషేధించిన లేఖలోనే దాంపత్య ప్రేమ ఒక ప్రత్యేకమైన స్నేహమని ఉంది. ఆ లేఖను తిట్టినవాళ్ళూ మెచ్చినవాళ్ళూ నిషేధం మీదే మాట్లాడారు, స్నేహం వాక్యం మరుగున పడింది. 1983లో చట్టం మారి జీవితమంతటి భాగస్వామ్యం అన్న భావన ముందుకొచ్చింది. 2016లో ఫ్రాన్సిస్ పోపు అక్వినాస్ మాటను మళ్ళీ పైకి తీశారు. కర్నూలుకు 1967లోనూ కడపకు 1976లోనూ మేత్రాసనాలు వచ్చాయి గనుక, సీమ కతోలిక సంఘం తన సొంత కాళ్ళ మీద నిలబడిన కాలమంతా ఈ కొత్త ఆలోచన కాలమే.

ఇక మన నేల. లండన్ మిషన్ 1822లో కడపకు వచ్చింది. తొలి రోజుల్లో ఒక్కరొక్కరుగా మతం మారేవారు. అంటే ముందు సంసారం చీలేది. భర్త బాప్తిస్మం తీసుకుంటే భార్యను పుట్టింటివాళ్ళు తీసుకుపోయేవారు. ఈ చిక్కు దేశమంతటా ఎంత పెద్దదంటే 1866లో ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేసింది. మతం మారినందుకు ఆరు నెలలుగా కాపురానికి రాని భార్య మీదో భర్త మీదో కోర్టుకు వెళ్ళే వీలు దాంతో కలిగింది. జడ్జి ఎదుటి మనిషిని పిలిపించి అడిగి, ఆలోచించుకోవడానికి ఇంకో ఏడాది గడువిచ్చి, అప్పటికీ కాదంటే పెళ్ళి రద్దు చేసేవాడు. విశ్వాసంలో తోడు కుదరని జంటకు న్యాయస్థానం ఇచ్చిన గడువు అది.

ధాత కరువు ఈ తీరునే మార్చేసింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువుకు కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయినట్టు 1881 లెక్కలు చెబుతాయి. కరువు తర్వాత మాల మాదిగ పల్లెలు పల్లెలకు పల్లెలే క్రైస్తవంలోకి వచ్చాయి. పెద్దలు కూర్చుని తీర్మానించారు, ఆలుమగలు కలిసే నీళ్ళలోకి దిగారు. సంసారాలు చీలలేదు, అది మేలే. కానీ భార్య మనసులో ఏముందో విడిగా అడిగే అవసరం లేకుండా పోయింది. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ ఈ కాలాన్నే చెబుతుంది. ఆ నవలలో రూతు తన భర్త రూబేను చెప్పిన వంశగాథను తానే గుర్తు చేసుకుంటూ మనకు వినిపిస్తుంది. భర్త పూర్వీకుల బతుకు భార్య జ్ఞాపకంగా మారడం స్నేహం లేకుండా జరగదు. క్రైస్తవ దాంపత్యం మీద తెలుగులో ఇంత లోతైన చిత్రణ నాకు మరొకటి కనిపించలేదు.

మిషనరీలు రాకముందు ఇక్కడి పేదలకు ఆధ్యాత్మిక దాంపత్యం ఊహకే అందలేదని అనుకోవడం తప్పు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం గోవిందమ్మతో సంసారం చేస్తూనే యోగి. ఆయన కథల్లో మాదిగ కక్కయ్య కథ ఎంత భయంకరమో అంత లోతైనది. దేహంలోనే చక్రాలున్నాయని, వాటిలో దేవతలున్నారని స్వామి బోధించగా విన్న కక్కయ్య, అది నిజమో కాదో చూద్దామని ఇంటికి వెళ్ళి నిద్రిస్తున్న భార్య శరీరాన్ని కోసి చూస్తాడు. ఏమీ కనబడక, స్వామి అబద్ధమాడాడని నిలదీయడానికి వస్తాడు. బ్రహ్మంగారు ఆమెను బతికిస్తారు. ఈ కథను గురువు మహిమ కోసం చెబుతారు. నాకు మాత్రం అందులో ఇంకోటి కనబడుతుంది. మగవాడి జ్ఞానాన్వేషణకు భార్య సాధనమైపోతే ఏమవుతుందో ఇంత సూటిగా చెప్పిన కథ క్రైస్తవ సాహిత్యంలో కూడా లేదు. స్నేహం మాట చర్చి బయటా ఉంది. సప్తపదిలో ఏడో అడుగుకు స్నేహాన్ని కోరే మంత్రం ఉంది. తర్వాతి కాలపు గురజాడ ‘కాసులు’ గేయంలో కూడా భర్త తాను దేవుణ్ణి కానని, ప్రాణ సమానుడైన నేస్తాన్నని భార్యకు చెబుతాడు. చర్చి తెచ్చిన దీపం చీకటి గుహలోకేమీ రాలేదు.

అయినా చర్చి కొత్తగా తెచ్చింది ఒకటుంది: ఇద్దరికీ ఉమ్మడి వృత్తి. దీనికి మొదటి సాక్ష్యం కర్నూలుకు తూర్పున, ఒంగోలు పడమటి పల్లెల్లో దొరుకుతుంది. యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి, రాజయోగ సంప్రదాయంలో నడిచిన మాదిగ. 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయన భార్య నాగమ్మ ఇంటిపట్టున ఉండిపోలేదు. ఆయన మగవాళ్ళతో మాట్లాడితే ఆమె ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడింది. అమెరికన్ బాప్టిస్టు మిషనుకు తెలుగు మాదిగల్లో దారి తీసింది ఈ జంటే. బైబిల్లో అకుల ప్రిస్కిల్ల అనే దంపతులున్నారు. ఇద్దరిదీ డేరాలు కుట్టే వృత్తి, పౌలుకు ఇల్లిచ్చి, అపొల్లో అనే పండితుణ్ణి ఇద్దరూ కూర్చోబెట్టి దిద్దారు. పెళ్ళి ప్రసంగాల్లో ఈ జంట పేరు వినబడకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. చేతిపని చేసుకుని బతికే సీమ సంఘాలకు ఇస్సాకు రిబ్కాల కంటే వీళ్ళే దగ్గరివాళ్ళు.

పేరయ్య, నాగమ్మల గాథను ‘చెప్పులు కుడుతూ’ అనే అర్థం వచ్చే పేరుతో 1899లో పుస్తకంగా రాసింది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్. 1882లో మిషనరీగా వచ్చి, 1894లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్‌ను పెళ్ళాడింది. ఆమె డాక్టరేటు దేని మీదో చాలామందికి తెలియదు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద. 1792లో స్త్రీ హక్కుల గ్రంథం రాసిన ఆ ఇంగ్లీషు రచయిత్రి, మోహం నిలవదు, దాంపత్యాన్ని నిలిపేది స్నేహమే, చదువూ స్వేచ్ఛా లేని స్త్రీ స్నేహితురాలు కాలేదు అని వాదించింది. ఆ ఆలోచనల మీద పరిశోధన చేసిన మనిషి వచ్చి మాదిగ దంపతుల జీవితం రాయడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. 1910లో క్లఫ్ పోయాక ఆయన చెప్పిన ఆత్మకథను అచ్చు వేయించిందీ ఆమే.

జమ్మలమడుగులో ఇంకో జంట. 1891లో అక్కడ వైద్యం మొదలుపెట్టిన లండన్ మిషన్ డాక్టరు విన్సెంట్ కాంబెల్ పేరు ఈనాటికీ కాంబెల్ ఆసుపత్రికి ఉంది. ఆయన భార్య ఫ్లోరెన్స్ కూడా డాక్టరే. ఘోషా ఉన్న ఇళ్ళలోకీ కాన్పుల గదిలోకీ మగ డాక్టరు అడుగుపెట్టలేని రోజుల్లో ఆమె లేకపోతే ఆ ఆసుపత్రి సగం ఊరికే అందేది. మిషన్లు మాత్రం భార్యలను మిషనరీల లెక్కలో రాయడం చాలాకాలం అలవాటు చేసుకోలేదు. పేరు ఒకరిది, చాకిరీ ఇద్దరిది. స్నేహానికి ఇది కూడా ఒక పరీక్షే.

అసలైన సీమ ఉదాహరణ దొరల బంగళాల్లో కాదు, పల్లె పంతులు ఇంట్లో ఉంది. మిషన్ పంపిన పంతులుకు ఒక్క గది. పగలు అదే బడి, రాత్రి అదే ప్రార్థనా మందిరం. పశువుల కాపరి పిల్లలకు లాంతరు వెలుతురులో రాత్రి బడి. పంతులమ్మ ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించి, సూదీ దారం నేర్పి, బాలింతలను చూసి, ఆదివారం పాటలకు ముందు గొంతు ఎత్తేది. కొన్నేళ్ళకోసారి బదిలీ. కొత్త పల్లెలో వదినామరదళ్ళు లేరు, మేనమామలు లేరు, అత్తగారు లేదు. ఉన్నది ఒకరికొకరే. రేపటి పాఠం, ఎవరింట్లో జ్వరం, సంఘ పెద్దల తగువు, ఇవన్నీ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోక తప్పదు. బంధువుల నడుమ బతికే జంటకు మాట్లాడుకునే అవసరమే తక్కువ. అన్నీ ఇతరులే మాట్లాడి తేల్చేస్తారు. స్నేహం ఆ ఒంటరితనంలో పుట్టింది. ఈ పంతులమ్మలకూ, ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీలకూ చరిత్రలో చోటు ఇవ్వడానికి జేమ్స్ ఎలీషా తానేటి వంటి పరిశోధకులు ఈమధ్యే పూనుకున్నారు. ఆలస్యమైనా అవసరమైన పని.

నంద్యాల ప్రాంతం 1920లో బిషప్ వి.ఎస్. అజరయ్య దోర్నకల్ డయోసిస్‌లోకి వచ్చింది. 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మీరు మాకు త్యాగం చేసి ఇచ్చారు, ఇక స్నేహితుల్ని ఇవ్వండి అని తెల్ల మిషనరీలను అడిగినవాడు అజరయ్య. ఆ కోరికను మనం జాతుల మధ్య సంబంధంగానే చదువుతాం. ఆయన ఇంట్లో కూడా దాన్ని చూడవచ్చు. 1898లో ఆయన పెళ్ళాడిన అన్బు మరియమ్మాళ్ కాలేజీ చదువు చదివిన తొలితరం దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఒకరు. తన సొంత ప్రాంతమైన తిరునెల్వేలి అంతటిలోకీ ఆధ్యాత్మిక చింతన ఎక్కువున్న పిల్ల అని ఆమెను ఎంచుకున్నాడు. కన్నవాళ్ళు చూసే ఆస్తీ అందమూ పక్కనపెట్టి ఆత్మకు తోడెవరో చూసుకున్న పెళ్ళి అది.

అలాంటి ఎంపిక సీమలో ఎందుకు అరుదైంది? మేనరికం ఒక కారణమంటారు. నాకు సగమే ఒప్పుదల. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు అత్తవారిల్లు కొత్త కాదు, మొగుడి ముందు నోరు పెగలని భయం ఉండదు. ఆ చనువు స్నేహానికి మంచి పునాదే. మేనమామ, మేనకోడలి పెళ్ళి సంగతి వేరు. ఆంగ్లికన్ చర్చి నిషిద్ధ వరసల పట్టిక దాన్ని ఒప్పుకోదు, కతోలికులకు ప్రత్యేక అనుమతి కావాలి. ఎత్తుకుని ఆడించిన మామ ముందు పిల్ల ఎన్నటికీ పిల్లే. అక్కడ సమానత్వం కుదరడం కష్టం.

కట్నం మాత్రం సగం ఒప్పుకునే విషయం కాదు. 1961 నుంచీ నేరమైనా, మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదివే సంఘం, ప్రధానం నాడు చేతులు మారే సొమ్ము గురించి నోరు మెదపదు. కొన్నవాడికీ అమ్ముడుపోయినవాడికీ మధ్య స్నేహం ఎలా పుడుతుంది? కులం కూడా అంతే. మాల క్రైస్తవులకు మాల సంబంధం, మాదిగ క్రైస్తవులకు మాదిగ సంబంధం, రెడ్డి క్రైస్తవులకు రెడ్డి సంబంధం. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచేవాళ్ళు వియ్యానికి విడిపోతారు. విశ్వాసంలో తోడు దొరికే పరిధి అలా ముందే కుంచించుకుపోతుంది.

చట్టం కూడా చాలాకాలం స్నేహం పక్షాన లేదు. 1869 విడాకుల చట్టం ప్రకారం భార్య తప్పు చేస్తే అదొక్కటే భర్తకు చాలు. భార్య విడాకులు కోరితే భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో కూడా నిరూపించాలి. క్రైస్తవ స్త్రీలు కోర్టుల చుట్టూ తిరిగి, 1995లో కేరళ హైకోర్టు తప్పుపట్టాక, 2001లో గానీ పార్లమెంటు దాన్ని సవరించలేదు. 132 ఏళ్ళు ఒకే పాపానికి రెండు తూకాలు నడిచాయి. విడాకులు సులువు కావడం పెళ్ళికి చేటని బాధపడే విశ్వాసులున్నారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ వదిలిపోలేక ఉండిపోవడం వేరు, ఉండాలని ఉండడం వేరు. రెండోదానికే స్నేహం అన్న పేరు తగుతుంది.

మార్పు సంఘం లోపలి నుంచి కూడా వచ్చింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు అందులో చేరడానికి ఒప్పుకోని ఆంగ్లికన్లు పెద్ద సంఖ్యలో ఉన్న చోటు నంద్యాల. అదే నంద్యాలకు 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషేకం పొందారు. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ ఆవిడే. మగవాడే శిరస్సని నేర్పిన సంఘంలో ఆ డయోసిస్ పాస్టర్లంతా ఒక స్త్రీ నడిపింపు కింద పనిచేశారు. దీని ప్రభావం ఇళ్ళ మీద ఎంత పడిందో కొలవడం కష్టం, అయినా అది చిన్న విషయం కాదు.

ఈనాటి జంటల ముందున్న చిక్కు మాత్రం వేదాంతం కంటే బతుకుదెరువుది. బేతంచెర్ల నాపరాయి గనుల్లో, పరిశ్రమల్లో ఆలుమగలు ఒకేచోట పని చేస్తారు. ఆదోని, ఆలూరు, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే పంట పనుల వలసకు, గుంటూరు మిరపచేలకు పోయే జంటలు గుడారంలో కలిసే ఉంటారు. కష్టం ఎంతైనా ఆ పూట గంజి ఇద్దరూ కలిసి తాగుతారు. కడప జిల్లా నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళ సంగతి అలా కాదు. భార్య అక్కడ, భర్త ఇక్కడ, పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఏళ్ళ తరబడి సంసారమంతా ఫోన్‌లోనే. డబ్బు పంపేది ఆమె గనుక ఇంటి బరువు ఆమెది, పెత్తనం మాత్రం ఆయనది. ఇలాంటి ఇళ్ళకు శిరస్సు ఎవరన్న ప్రసంగం దేనికీ పనికిరాదు. వాళ్ళకు కావలసింది నమ్మకం చెడకుండా మాట్లాడుకోవడం, పంపిన డబ్బుకు నిజాయితీగా లెక్క చెప్పుకోవడం, ఇద్దరూ ఒకే వేళకు ప్రార్థనకు కూర్చోవడం. రాయలసీమ, నంద్యాల డయోసిస్‌లైనా, కర్నూలు బాప్టిస్టు సంఘాలైనా, కడప కతోలికులైనా పెళ్ళికి ముందు ఇచ్చే తరగతుల్లో ఈ మూడింటినీ చేర్చాలి. చెప్పడానికి పాస్టరుగారు ఒక్కరే కాక, కువైట్ నుంచి తిరిగొచ్చి మళ్ళీ సంసారం నిలబెట్టుకున్న దంపతులను పిలవాలి. అలాంటివాళ్ళు ఈ జిల్లాల సంఘాల్లో ఉన్నారు.